ఇల్లాలు కట్టిన కోట

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు మన పెద్దవాళ్ళు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి నెత్తిన పడ్డా మనిషికి సగం ప్రాణం పోతుంది. అలాంటిది కట్టిస్తున్న ఇల్లు పూర్తికావడం, తనకే మళ్ళీ పెళ్ళి జరగబోవడం, రెండూ ఒక్కసారే మీదికొచ్చిపడిన ఒక ఇల్లాలి కథ స్కాట్లండులో విన్నాను. ఆవిడ కట్టించింది మామూలు ఇల్లు కాదు, కోట. కట్టి అయిదువందల డెబ్భై ఏళ్ళు దాటింది. కప్పు ఎప్పుడో పోయింది. లోపలి అంతస్తులు కూలిపోయాయి. గోడలు మాత్రం మిగిలాయి. కథ మాత్రం నిన్ననో మొన్ననో జరిగినట్టు వుంది.

కోట పేరు కిల్‌చర్న్. స్కాట్లండులో హైలాండ్స్ అనే కొండసీమకి పడమటివైపున, ఒక పెద్ద మంచినీటి సరస్సు కొసన వుంది. సరస్సు పేరు వింటే మీరు నవ్వుతారు. 'లాక్' అంటే వాళ్ళ భాషలో సరస్సు. దీని పేరు 'ఆ'. లాక్ ఆ! "ఏ సరస్సుకి వెళ్తున్నాం బాబూ?" అని మా అల్లుణ్ణి అడిగితే, "ఆ సరస్సుకే అత్తయ్యగారూ" అన్నాడు. "ఆ సరస్సంటే ఏ సరస్సు?" అన్నాను. కారులో పది నిమిషాలు ఈ గొడవతోనే సరిపోయింది. పేరు పొట్టిదే కాని సరస్సు మాత్రం పొడుగు. పాతిక మైళ్ళు. స్కాట్లండులో ఇంత పొడవైన మంచినీటి సరస్సు మరొకటి లేదట.

మా అమ్మాయీ అల్లుడూ గ్లాస్గోలో వుంటారు. అక్కడే ఒక ఇల్లు కొనుక్కునే ప్రయత్నంలో వున్నారు. వారమంతా ఇళ్ళు చూడడం, లాయరుతో ఫోన్లు, బ్యాంకు కాగితాలు. ఆదివారం వచ్చేసరికి అందరికీ తల వాచిపోయింది. "ఈపూట ఇంటి మాట ఎత్తకూడదు" అని ఒట్టు పెట్టుకుని, పులిహోర, ఫ్లాస్కులో కాఫీ సర్దుకుని బయల్దేరాం. కారులో రెండుగంటల పైచిలుకు ప్రయాణం.

డాల్‌మాలీ అనే చిన్న ఊరు దాటాక కారు ఆపి, రైలు వంతెన కింద నుంచి కాలిబాట పట్టుకు నడవాలి. వాన అనలేం, మంచు అనలేం, ఆ రెంటికీ మధ్య ఏదో మొహం మీద చల్లుతూనే వుంటుంది. గడ్డిలో గొర్రెలు మమ్మల్ని చూసి, వీళ్ళెవరో కొత్తవాళ్ళు అనుకున్నట్టు తలెత్తి, మళ్ళీ మేతలో పడ్డాయి. వంతెన దాటగానే కనిపించింది కోట. మూడువైపులా నీళ్ళు, వెనక బెన్ క్రూఖన్ అనే కొండ. 3,694 అడుగుల ఎత్తు. నీళ్ళలో ఒక కోట, నీళ్ళపైన ఒక కోట. చెప్పొద్దూ, నా నోట మాట రాలేదు. మా అమ్మాయి, "అమ్మ నోరు మూతపడింది, ఫోటో తియ్యండి" అంది.

కట్టినప్పుడు ఇది ద్వీపమే. 1817లో సరస్సు నీళ్ళు బయటికి పోయే దారిని బాగుచేస్తే నీటిమట్టం తగ్గి, ద్వీపం ఒడ్డుకి అతుక్కుపోయింది. కాబట్టే మనబోటివాళ్ళం పడవ లేకుండా, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడిచి వెళ్ళగలుగుతున్నాం.

మావారు రెవిన్యూ డిపార్టుమెంటులో పనిచేసి రిటైరయ్యారు. ఎక్కడ బోర్డు కనిపించినా పూర్తిగా చదవందే కాలు కదపరు. ఆయన చదివి చెప్పిన చరిత్ర టూకీగా ఇది. గ్లెనార్కీ కాంబెల్ వంశానికి మూలపురుషుడైన సర్ కాలిన్ కాంబెల్ సుమారు 1450లో ఈ కోట కట్టించాడు. అయిదంతస్తుల గోపురం, చుట్టూ ప్రాకారం. ఆయన కొడుకు సర్ డంకన్ 1513లో ఫ్లాడెన్ యుద్ధంలో చచ్చిపోయాడు. తరవాత ఇంకొక డంకన్ వచ్చాడు, నల్ల డంకన్. ఆయనకి కోటల పిచ్చి. ఏడు కోటల డంకన్ అని పేరు పడ్డాడు. ఈ కోటకీ కొన్ని గదులు చేర్చాడు. ఆ తరవాత బ్రెడాల్బేన్ ప్రభువనే మరొక కాంబెల్ వచ్చి దీన్ని సిపాయిల బారకాసులుగా మార్చాడు. ఇదీ వరస. ఫలానా ఆయన కట్టించె, ఫలానా ఆయన పెంచె, ఫలానా ఆయన పోయె. మన ఊళ్ళో శిలాశాసనాలు చదివినా ఇంతే గదా!

అసలు కథ నాకు కోటలో దొరకలేదు. తిరుగుదారిలో టీ తాగడానికి ఆగిన చోట దొరికింది. అక్కడ టీ ఇచ్చే పెద్దావిడకి డెబ్భై పైనే వుంటాయి. నా చీర అంచు పట్టుకుచూసి, "ఇది చేత్తో నేసిందేనా?" అని అడిగింది. ఆ ప్రశ్నతో స్నేహం కుదిరింది. ఆవిడ ఇంగ్లీషు నాకు సగమే అర్థమయింది, మిగతా సగం మా అమ్మాయి చెప్పింది. "కోట చూసొచ్చారా? ఎవరు కట్టారని రాసుంది?" అంది. "సర్ కాలిన్" అన్నారు మావారు పరీక్షలో జవాబిచ్చినట్టు. ఆవిడ నవ్వింది. "ఆయన ఊళ్ళో వుంటే గదా కట్టడానికి!" అంది.

కథ ఇది. సర్ కాలిన్‌ని 'రోము నల్ల కాలిన్' అని పిలిచేవారు. పెళ్ళయిన కొంతకాలానికి, తురుష్కులతో యుద్ధం చేయడానికి దూరదేశం బయల్దేరాడు. భార్య పేరు మార్గరెట్. వెళ్ళేముందు ఇద్దరి పేర్లూ చెక్కిన బంగారు ఉంగరం చేయించి, దాన్ని రెండు ముక్కలు చేశారు. ఆయన పేరున్న ముక్క ఆవిడ దగ్గర, ఆవిడ పేరున్న ముక్క ఆయన దగ్గర. ఆ ముక్క ఆయన లేకుండా ఇల్లు చేరిందంటే ఆయన ఇక లేడని గుర్తు.

ఒక ఏడు పోయింది, రెండేళ్ళు పోయాయి. ఉత్తరం ముక్క లేదు. వుండదు మరి. పక్క జమీందారు మకార్కడేల్ కాలిన్ పంపిన మనుషుల్ని దారిలోనే పట్టుకుని, ఉత్తరాలు మాయం చేస్తున్నాడు. కొన్నాళ్ళకి కాలిన్ చనిపోయాడని దొంగ ఉత్తరం పుట్టించాడు. ఆపైన, పాపం, ఓదార్చడానికి తనే వచ్చాడు! ఓదార్పు పూర్తికాకముందే పెళ్ళి మాట ఎత్తాడు.

ఆవిడ ఏం చేసింది? ఏడుస్తూ కూర్చోలేదు. కాలిన్ పొలాల మీద వచ్చే శిస్తులు తనే వసూలు చేయించి, ఆ సొమ్ముతో ద్వీపం మీద కోట కట్టడం మొదలుపెట్టింది. కోట పూర్తయ్యాకే పెళ్ళి అంది. ఒక కథనంలో అయితే, ఆవిడే మేస్త్రీలకి రహస్యంగా చెప్పి పని నత్తనడక నడిపించిందట. కట్టిన గోడ బాగులేదని పడగొట్టించి మళ్ళీ కట్టించిందట. ఇల్లు కట్టించిన ఆడవాళ్ళెవరికైనా ఇది వింటే నవ్వొస్తుంది. మేస్త్రీల చేత పని ఆలస్యం చేయించడానికి ప్రత్యేకంగా రహస్యం చెప్పాలా!

ఎంత లాగినా ఎన్నాళ్ళని లాగుతుంది? ఏడేళ్ళు నిండాయి. కోట లేచింది. ముహూర్తం పెట్టేశారు. అప్పుడు రోములో వున్న కాలిన్‌కి ఒక పీడకల వచ్చింది. అక్కడి సన్యాసి ఒకాయన విని, "నీ ఇంటికి ఆపద రాబోతోంది, వెంటనే వెళ్ళు" అన్నాడు. పడుతూ లేస్తూ వచ్చాడు. గడ్డం పెరిగి, బట్టలు చినిగి, ఎవరూ గుర్తుపట్టలేదు. చిన్నప్పుడు పాలిచ్చి పెంచిన దాది మాత్రం గుర్తుపట్టింది. పెళ్ళి సంగతి ఆవిడే చెప్పింది. కాలిన్ ఆ బిచ్చగాడి వేషంలోనే పెళ్ళివారింటికి వెళ్ళాడు. ఏమి పెట్టినా పుచ్చుకోడు. "పెళ్ళికూతురు తన చేత్తో ఇస్తేనే తాగుతాను" అని మొండికేశాడు. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే బిచ్చగాడి నోట కాదనిపించుకోవడం ఎందుకని ఆవిడే వచ్చి గిన్నె అందించింది. అతను తాగి గిన్నె తిరిగిచ్చాడు. అడుగున ఉంగరం ముక్క!

అక్కడ ఆ పెద్దావిడ కథ ఆపి మా కప్పుల్లో మళ్ళీ టీ పోసింది. మావారికి మాత్రం ఆత్రం. "ఆ జమీందారుని ఏం చేశారు?" అన్నారు. ఆవేళకి ప్రాణాలతో పోనిచ్చారట. ఇంటికొచ్చిన అతిథిని ఇంట్లో చంపకూడదు గనక.

ఇది నిజంగా జరిగిందా అంటే, కథలకి సాక్ష్యాలెక్కడ తెస్తాం? ఆ వంశం వారు 1598లో తమ చరిత్ర రాయించడం మొదలుపెట్టారు. దానికి 'బ్లాక్ బుక్ ఆఫ్ టేమౌత్' అని పేరు. కాలిన్ మూడుసార్లు రోముకి వెళ్ళాడనీ, రోడ్స్ ద్వీపంలో వీరుడనిపించుకున్నాడనీ అందులో వుంది. వంశవృక్షం చూస్తే ఆయనకి నాలుగు పెళ్ళిళ్ళు! నలుగురిలోనూ జనం గుర్తుపెట్టుకున్నది ఒక్క మార్గరెట్టునే. రాబర్ట్‌సన్‌ల ఆడపడుచు. ఎందుకు గుర్తుపెట్టుకున్నారంటే, ఆవిడ కోట కట్టింది గనక.

మావారు కారెక్కాక చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత, "ఏడేళ్ళ శిస్తు! మగడు లేడు, చచ్చాడని పుకారు, పక్కన పొంచివున్న జమీందారు. అయినా శిస్తు వసూలయిందంటే, ఆవిడ సామాన్యురాలు కాదోయ్" అన్నారు. ముప్ఫై ఏళ్ళు బకాయిల కోసం ఊళ్ళు తిరిగిన మనిషి నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

నాకు మాత్రం ఉంగరం కంటే, శిస్తు కంటే, సున్నం గుర్తొచ్చింది. కోటంటే ఊరికే లేస్తుందా? రాళ్ళు పడవలమీద ద్వీపానికి చేర్చాలి. సున్నం కాల్చాలి. కూలీలకి తిండి చూడాలి. ఏడాదిలో సగంరోజులు వాన. రాతిపని వాడొకటంటే వడ్రంగి ఒకటంటాడు. ఇవన్నీ కథలో లేవు. మగాడు తిరిగొచ్చిన ఒక్క పూట మాత్రం కళ్ళకి కట్టినట్టు వుంది. ఆవిడ నిలబడి కట్టించిన ఏడేళ్ళకీ ఒక్క వాక్యం.

మా అమ్మ తెనాలిలో ఇల్లు కట్టించినప్పుడు నాకు పదేళ్ళు. నాన్నగారికి ఉద్యోగరీత్యా బదిలీలు. ఏ పదిహేను రోజులకో ఒక ఆదివారం వచ్చి, గోడల చుట్టూ ఒకసారి తిరిగి, "బాగానే లేస్తోందే" అని సోమవారం బండికి వెళ్ళిపోయేవారు. తక్కిన పధ్నాలుగు రోజులూ అమ్మే. వేపచెట్టు కింద ఇసక కుప్ప మీద కూర్చుని, ఒళ్ళో చంటి తమ్ముడు, చేతిలో లెక్కల పుస్తకం. ఎన్ని బండ్ల ఇసక దిగింది, ఎన్ని వేల ఇటిక వచ్చింది, అందులో ఎన్ని ముక్కలు. గానుగ సున్నం సరిగా నలిగిందో లేదో వేళ్ళమధ్య నలిపి చూసేది. కప్పు దగ్గరకొచ్చేసరికి డబ్బు చాలక చేతి గాజులు బ్యాంకులో పెట్టింది. గృహప్రవేశం నాడు గుమ్మం పక్కన పాలరాతి పలక మీద నాన్నగారి పేరు చెక్కించారు. చెక్కించింది కూడా అమ్మే! పలకకి ఎంతయిందో ఆ పుస్తకంలో వుంది. ఆవిడకి అందులో వింతేమీ కనిపించలేదు. ఊళ్ళోవాళ్ళకీ కనిపించలేదు. నాకూ చాలా ఏళ్ళు కనిపించలేదు. ఇప్పుడు ఆ ఇల్లు లేదు, ఆ చోట అపార్టుమెంట్లు లేచాయి. పాలరాతి పలక ఏమయిందో ఎవరికీ తెలియదు. లెక్కల పుస్తకం మాత్రం నా బీరువాలో వుంది.

సరే, కోట సంగతికొద్దాం. గోపురం పైకెక్కి ఉత్తరంగా చూస్తే కొండల మధ్య ఒక లోయ కనిపిస్తుంది. గ్లెన్ స్ట్రే. అది మెక్‌గ్రెగర్ల చోటు. ఈ సీమ అంతా మొదట వాళ్ళదే. కాంబెల్‌లు వచ్చి ఒక్కొక్కటే కలుపుకున్నారు. వాళ్ళకీ వీళ్ళకీ తరాల పగ. ఆ పగ మధ్య నలిగిన ఒక ఆడపిల్ల వుంది. పేరు మారియన్. పుట్టింది కాంబెల్‌ల ఇంట. మనువాడింది మెక్‌గ్రెగర్ల యువనాయకుడు గ్రెగర్‌ని. గ్లెనార్కీ ప్రభువు గ్రే కాలిన్ ఆ గ్రెగర్‌ని వెంటాడి పట్టుకుని, 1570 ఏప్రిల్‌లో తన మరొక కోట దగ్గర తల నరికించాడు. నరికించినవాడు మారియన్‌కి పుట్టింటి వంశం వాడే. ఆవిడ చేతిలో పసిబిడ్డ.

ఆవిడ కత్తి పట్టలేదు. బిడ్డని పడుకోబెడుతూ ఒక జోలపాట పాడింది. 'గ్రిగల్ క్రీ' అంటారు దాన్ని. ప్రియమైన గ్రెగర్ అని అర్థం. ఒకపక్క బిడ్డని లాలిస్తుంది, ఒకపక్క మొగుణ్ణి తలుచుకుంటుంది, మరొకపక్క తన వాళ్ళనే శపిస్తుంది. నాలుగున్నర శతాబ్దాలుగా గేలిక్ భాషలో ఆ పాట పాడుతూనే వున్నారు. మా అమ్మాయి దారిలో వినిపించింది. మాటలు ఒక్కటీ తెలియకపోయినా, జోలపాట అని తెలిసిపోయింది. వేళ్ళు వాటంతట అవే ఉయ్యాల ఊపుతున్నట్టు కదిలాయి.

మారియన్ పెద్దకొడుకు అలస్టర్ 1604లో ఎడింబరోలో ఉరికంబం ఎక్కాడు. అంతకు ముందు ఏడాదే, 1603లో, మెక్‌గ్రెగర్ అనే పేరే పెట్టుకోకూడదని రాజు శాసనం చేశాడు. ఆ నిషేధం పూర్తిగా పోయింది 1774లో. ఇంటిపేరు పలికితే నేరమయిన రోజుల్లో కూడా ఆ పాటలో గ్రెగర్ పేరు వుంది. తల్లి బిడ్డకి పాడుకునే పాటని ఏ రాజు ఆపగలడు?

ఇక బ్రెడాల్బేన్ ప్రభువు జాన్ కాంబెల్. ఈయన రాజకీయం తెలిసిన ఘటికుడు. 1692 ఫిబ్రవరిలో గ్లెన్‌కో లోయలో, ఆతిథ్యం ఇచ్చిన మెక్‌డానల్డులనే సిపాయిలు చంపిన ఘోరం జరిగినప్పుడు అనుమానపు వేళ్ళు కొన్ని ఈయన వైపూ చూపించాయి. ఆ దశకంలోనే ఈ కోటలో రెండువందలమంది సిపాయిలు పట్టే బారకాసులు కట్టించాడు. మన కథకి కావలసింది మాత్రం బారకాసులు కాదు, ఒక రాయి. లోపలికి వెళ్ళే వాకిలి పైరాయి మీద 1693 అని సంవత్సరం చెక్కి వుంది. దానితోపాటు ఆయన పేరు పొడి అక్షరాలు, పక్కనే ఆయన రెండో భార్య మేరీ పేరు పొడి అక్షరాలు. వచ్చేటప్పుడు ఎవరం చూడలేదు. బయటికి పోతుంటే మా అల్లుడు చూసి చూపించాడు. కొత్త దంపతులు ఇంటి వాకిలి మీద ఇద్దరి పేర్లూ చెక్కించడం అప్పట్లో స్కాట్లండులో ఆనవాయితీయేనట. ప్రభువు ఎలాంటివాడైనా, ఆ ఆనవాయితీ మాత్రం నాకు తెగ నచ్చింది. వర్షంలో తడుస్తూ ఆ రాయి కిందే నిలబడిపోయాను.

ఆ తరవాత కోటకి మంచిరోజులు లేవు. కాంబెల్‌లు 1740లో పూర్తిగా టేమౌత్‌కి మారిపోయారు. 1745 తిరుగుబాటప్పుడు ప్రభుత్వం సిపాయిలు కొన్నాళ్ళున్నారు. 1760లో పిడుగు పడింది. అప్పుడు పైనుంచి ఊడిపడిన మూల బురుజొకటి ఇప్పటికీ పెరట్లో తలకిందులుగా వుంది. ఎవరో పెద్ద గుండిగ బోర్లించి కడగడం మరిచిపోయినట్టుగా! పదేళ్ళు తిరిగేసరికి కప్పూ లేదు.

పాడుపడ్డాక పేరొచ్చింది. టర్నర్ అనే మహాచిత్రకారుడు వేసిన ఈ కోట చిత్రం 1802లో ప్రదర్శనకి వెళ్ళింది. 1803లో వర్డ్స్‌వర్త్ మహాకవి ఈ దారినే వచ్చాడు. కోటని చూడగానే మూడు పాదాలు నోటికొచ్చాయట. మిగతా పద్యం పూర్తవడానికి చాలా ఏళ్ళు పట్టింది. కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరుగారు వర్డ్స్‌వర్త్ గురించి ఎంతో చెప్పారు గాని, ఆ ప్రయాణంలో ఆయన చెల్లెలు డొరతీ పక్కనే వుందని చెప్పలేదు. ఆవిడ ఆ ప్రయాణం యావత్తూ రాసిపెట్టింది. ఏ సత్రంలో ఏం పెట్టారు, ఎవరు ఆదరించారు, ఏ మలుపులో కోట ఎలా కనబడింది, అంతా. అన్నగారి కవితలు ఆయన బతికుండగానే అచ్చయ్యాయి. చెల్లెలి పుస్తకం 1874లో అచ్చయింది. ఆవిడ 1855లోనే పోయింది.

చివరగా కొండ సంగతి ఒకటి చెప్పాలి. కోట వెనకున్న ఆ బెన్ క్రూఖన్ మీద పూర్వం ఒక ముసలవ్వ వుండేదట. కాల్యాఖ్ అంటారు. కొండమీద ఒక ఊట వుంది. పొద్దున్నే దాని మీది బండ తీయాలి, పొద్దుగూకితే మళ్ళీ మూయాలి. అది ఆవిడ డ్యూటీ. ఏళ్ళూ పూళ్ళూ చేసింది. ఒకరోజు మేకల్ని తోలుకొచ్చి, అలిసిపోయి, అలా ఒరిగి కన్ను మూసింది. బండ మూయలేదు. రాత్రంతా నీళ్ళు పొంగి లోయలన్నీ నిండిపోయాయి. తెల్లారి లేచేసరికి కింద సరస్సు! ఆవిడ ఆ బాధతో రాయైపోయింది. లాక్ ఆ పుట్టిన కథ ఇది.

వినగానే నేనేమనుకున్నానో చెప్పనా? ఆవిడ బండ మూసిన వేల సాయంత్రాల గురించి ఒక్కరూ కథ అల్లలేదు. మూయని ఒక్కపూట గురించి మాత్రం యుగాలుగా చెప్పుకుంటున్నారు. రోజూ గ్యాస్ ఆపి పడుకుంటాం, ఎవరడిగారు? ఒక్కరోజు పాలు పొంగిపోతే ఇంటిల్లిపాదీ వంటింట్లోకి తొంగిచూస్తారు.

విచిత్రం ఏమిటంటే, ఆ కొండ లోపల ఇప్పుడు కరెంటు తయారుచేసే కేంద్రం వుంది. కొండ తొలిచి గుహలో పెట్టారు. 1965 అక్టోబరులో ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. కరెంటు మిగిలే వేళల్లో కింది సరస్సులో నీళ్ళు పైనున్న జలాశయానికి తోడిపోస్తారు. అవసరమైన వేళ తలుపు తెరిచి కిందికి వదులుతారు. ముసలవ్వ చేసిన పనే! తెరవడం, మూయడం. ఆ యంత్రాల హాలు గోడ మీద ఎలిజబెత్ ఫాల్కనర్ అనే కళాకారిణి చెక్కతో చేసిన పెద్ద చిత్రం వుంది. అందులో ఆ కొండ పాతకథలూ, సొరంగం తవ్విన పనివాళ్ళూ కలిసే వున్నారు. ఇంజనీర్లు ముసలవ్వని మరిచిపోకపోవడం నాకు సంతోషమనిపించింది.

తిరిగి వస్తుంటే చీకటిపడింది. ఇంటి మాట ఎత్తకూడదన్న ఒట్టు గట్టున పెట్టి నేనే ఎత్తాను. "ఇంతకీ ఆ ఇల్లు ఎవరి పేరన రాయిస్తున్నారు?" అన్నాను. వెనక సీట్లో మా అమ్మాయి, "ఆయన పేరనేనమ్మా. ఆయన జీతం మీదే అప్పిస్తున్నారు. ఎవరి పేరైతేనేం, ఇద్దరం ఒకటే కదా" అంది. దాని జీతం డబ్బులో సగం ఆ ఇంటి అడ్వాన్సుకే పోయింది. వంటింటి కొలతలు, గోడల చెమ్మ, స్కూలు ఎంత దూరం, అన్నీ చూసి, పదకొండు ఇళ్ళు కాదని పన్నెండోది ఎంచింది అదే. నేను దానికేమీ చెప్పలేదు. అమ్మ లెక్కల పుస్తకం సంగతి చెప్పాను. గాజుల సంగతి చెప్పాను. పాలరాతి పలక ఖరీదు ఏ పేజీలో వుందో కూడా చెప్పాను.

కారు కొంతదూరం పోయింది. మా అల్లుడు అద్దంలోంచి దాని వైపు చూసి, "1693లోనే ఇద్దరి పేర్లూ చెక్కించారు. మనం ఇంకా వెనకపడితే ఏం బావుంటుంది? రేపు లాయరుకి ఫోన్ చేస్తాను" అన్నాడు. మావారు, "అదీ మాట! రికార్డు సరిగ్గా వుండాలి" అన్నారు, పాత ఆఫీసు గొంతుతో.

పది రోజులకి కాగితాలు వచ్చాయి. రెండు పేర్లూ వున్నాయి. మా అమ్మాయి పేరులో మాత్రం ఒక అక్షరం తప్పు పడింది. ఏమంత తప్పు, పోనిమ్మంటే మావారు ఒప్పుకోలేదు. దిద్దించి తెచ్చేదాకా ఆ కాగితాల మీద ఎవరినీ సంతకం పెట్టనివ్వలేదు.